గుడ్డబూటు పూర్వకథ

పాదరక్షలలో బూటునకు గల మర్యాద గుఱ్ఱము వలన వచ్చినది. మోకాలి వఱకు ఎగబ్రాకిన తోలుబూటు ఆశ్వికుని యుపకరణము. జీను రాపిడికిని, రికాబు ఒరపిడికిని, ముండ్లపొదల గీతలకును కాలు చెడకుండ కాపాడుటకై పుట్టినది. గుఱ్ఱము గలవాడు ధనికుడు, గుఱ్ఱము నెక్కినవాడు అధికారి. కావున ఐరోపాఖండమున పొడుగు బూటు నెవడు తొడిగినను వాని వెనుక కంటికి కనబడని గుఱ్ఱమొకటి నిలిచియుండెడిది. నడచిపోవువానికి పొట్టి జోడును, దానిపై కాలికి ఇంత గుడ్డయు చాలునని పాలకులు తలంచిరి. ఆ గుడ్డ కాలక్రమమున తోలు వేషమును ధరించి, యుద్ధభూమినుండి రంగస్థలమునకును, రంగస్థలమునుండి నేటి కాస్‌ప్లే మేళాలకును నడచివచ్చిన తెఱగు విచారింపదగినదిగ నాకు తోచినది. చిత్రకథలలోని వీరుల వేషము కట్టువారు తమ పాత జోళ్లపై కుట్టి తొడుగుకొను బూటుతొడుగును చూచి, ఇది నిన్నమొన్నటి పిల్లల చేష్టయని అనుకొనువారు దాని వంశవృక్షము నెఱుగరు.

మధ్యయుగమున ఐరోపా పురుషులు తొడిగిన మేజోళ్లు అనేకములు అల్లినవి కావు. నేసిన ఉన్నిబట్టను కత్తిరించి కుట్టినవి. నేసిన బట్ట నిలువునకు సాగదు, అడ్డమునకు సాగదు. ఐమూలగా కత్తిరించినపుడు మాత్రమే కొంత సాగి, పిక్క వంపును అనుసరించి అంటిపెట్టుకొనును. ఈ మర్మము నెఱిగిన ఆనాటి దర్జీలు కాలి ఆకృతికి తగిన తొడుగులను సిద్ధపఱచుచుండిరి. 15వ శతాబ్దపు ఇటలీయందు అట్టి తొడుగుల అడుగున తోలు ముక్క నొకదానిని చేర్చి కుట్టుట వాడుకలో నుండెను. అవి తొడిగినవాడు వేఱు జోడు లేకయే వీధిలో తిరుగగలిగెడివాడు. నేటి తొడుగు జోటిపైకి దిగిన బట్ట, నాటిది జోటిని తన అడుగున తగిలించుకొన్న బట్ట, ఇంతియే భేదము. కాలి నిగనిగలాడు వంపును చూపవలెనన్న కోరిక రెంటికిని సమానమే.

18వ శతాబ్దమున పదాతిదళములు పెరిగి, వేలకొలది సైనికులకు బూట్లు కుట్టించుట రాజ్యముల బొక్కసమునకు మించిన భారమయ్యెను. అశ్వికునకు తోలుబూటు నిచ్చి, పదాతికి పొట్టి జోడును, దానిపై గుడ్డ గెయిటరును ఇచ్చిరి. జోటి పైభాగమును కప్పి, చీలమండను చుట్టి, మోకాలిని దాటి పోవు ఆ తొడుగునకు వెలుపలి వైపున వరుసగా బొత్తాములుండెడివి. పాదము క్రిందుగ పోవు పట్టీయొకటి దానిని పైకి జరుగనీయకుండ పట్టియుంచెడిది. గులకఱాళ్లును, ఇసుకయు, బురదయు జోటిలో చొరకుండుటయే దాని ధర్మము. 1768లో బ్రిటిషు సేనకు వెలువడిన రాజశాసనము నల్లని నారబట్ట గెయిటర్లను, నల్లని బొత్తాములను విధించినది. నెపోలియను రక్షకదళమువారు కవాతునకు తెల్లనివి, దండయాత్రకు నల్లనివి తొడిగిరి. నల్లని గెయిటరు దూరమునుండి చూచువానికి బూటువలెనే తోచును. సేనాధిపతులకు ఆ సంగతి తెలియదని నేననుకొనను. బొత్తాములు పెట్టుకొనలేక ప్రతి ప్రాతఃకాలమును శపించిన సైనికులెందఱో చరిత్రలో పేరులేక పోయిరి.

గుడ్డ కాలిని కాపాడు విద్య ఐరోపాకు మాత్రమే పరిమితము కాదు. హిమాలయ ప్రాంతములయందు పిక్కకు గుడ్డపట్టీ చుట్టుకొను ఆచారమును చూచి బ్రిటిషు సేనలు దానిని గ్రహించి, 1902 నాటి ఖాకీ దుస్తులలో చేర్చుకొనినవి. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో లక్షలమంది కాళ్లకు ఆ పట్టీలే చుట్టబడినవి. మన పోలీసు జవానులు చాలకాలము ఆ పట్టీలతోనే కనబడిరి. జపానునందును బాటసారులును, సైనికులును పిక్కలకు గుడ్డ కట్టుకొని దూరప్రయాణములు చేసిరి.

ఇంతవఱకు గుడ్డ చేసినది సేవ. ఇకపైన అది నటింప నారంభించినది. 1842 మే నెలలో విక్టోరియా రాణి తన భవనమున ఏర్పఱచిన వేషధారణ నృత్యసభలో, ఆమెయు ఆమె భర్తయు 14వ శతాబ్దపు రాణి ఫిలిప్పా, రాజు మూడవ ఎడ్వర్డు వేషములను ధరించిరి. కష్టములలోనున్న స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాండ్రకు పని కల్పించుట ఆ సభకు చెప్పబడిన ప్రయోజనము. ఆ వేడుక క్రమముగ మధ్యతరగతి యిండ్లలోనికి దిగినది. వేషములను వర్ణించు ఆర్డర్న్ హోల్ట్ గ్రంథము 1879 ప్రాంతమున వెలువడి, పలుమార్లు పునర్ముద్రణ పొందినది. ఒక్క రాత్రి వేషమునకై తోలుబూట్లు కుట్టించు స్తోమత రాణిగారికుండవచ్చును, గుమాస్తా కుమార్తెకు లేదు. నాటకపు మేళములదియు ఇదే యవస్థ: ఒకే నటుడు ఒకే రాత్రి సేనానియు, సేవకుడును కావలసియుండగా, కాలి జోళ్లను విప్పక, వానిపై పిక్కతొడుగును లాగికొని మఱల ప్రవేశించుట సులభోపాయము. దీపకాంతిలో, నలువది అడుగుల దూరమున, ప్రేక్షకునకు బూటు కనబడిన చాలును. సైనికుని తొడుగు బురదతో పోరాడినది. నటుని తొడుగు కంటితో పోరాడినది. ఈ రెండవ పోరాటము తక్కువదని నేనొప్పుకొనను.

కాస్‌ప్లే బూటునకు నిజమైన చిక్కు తెచ్చిపెట్టినవారు చిత్రకారులు. 1938 జూను నాటి యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో జో షుస్టరు చిత్రించిన సూపర్‌మ్యాన్ దుస్తులకు సర్కసు వస్తాదుల వేషము మాతృక. తొలినాళ్లలో అతని కాళ్లకు త్రాళ్లతో బిగించిన పాదరక్షలుండినవి. కొలదికాలమునకే అవి పోయి, కుట్టు లేని, గుండీ లేని ఎఱ్ఱని బూట్లు నిలిచినవి. చవుక కాగితముపై కొలది రంగులతో అచ్చువేయు పుస్తకమున కుట్లు గీయుట వృథాశ్రమ. ఒక్క గీత, ఒక్క రంగు చాలును. ఆ బూటులోనికి పాదమెట్లు పోవునో చెప్పవలసిన బాధ్యత చిత్రకారునికి లేదు. ఆ బాధ్యత కుట్టువారి నెత్తిన పడినది.

1939 జూలైలో న్యూయార్కున జరిగిన మొదటి ప్రపంచ సైన్సుఫిక్షన్ సమావేశమునకు ఫారెస్ట్ అకర్‌మన్, మిర్టిల్ డగ్లస్ అను నిరువురు భవిష్యత్కాలపు దుస్తులు ధరించి వచ్చిరి. ఫ్రాంక్ పాల్ పత్రికాచిత్రములును, 1936 నాటి ‘థింగ్స్ టు కమ్’ చలనచిత్రమును వానికి ప్రేరణ. రెండు వేషములను కుట్టినది డగ్లసు; కీర్తిలో మాత్రము చాలకాలము అకర్‌మన్ పేరే ముందు నడచినది. మరుసటి సంవత్సరము చికాగో సమావేశమున వేషధారణ పోటీయే ఏర్పడినది.

కుట్టువారి చిక్కును విడదీసినవి రెండు వస్తువులు. ఒకటి జిప్పు: 1913లో గిడియన్ సండ్‌బ్యాక్ దానికి నేటి రూపము నీయగా, 1923లో గుడ్రిచ్ సంస్థ తన రబ్బరు బూట్లకు దానిని తగిలించి జనబాహుళ్యమునకు పరిచయము చేసినది, అనగా అది మొదట పేరు పొందినది బూటుమీదనే. రెండవది స్పాండెక్సు: 1958లో డ్యుపాంట్ సంస్థయందు జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన ఈ సాగుడు నూలు, దర్జీ ఐమూల కత్తిరింపుతో కొంతవఱకే సాధించినదానిని పూర్తిగ సాధించినది. జపానులో 1975 డిసెంబరులో కామిక్ మార్కెట్ అను అభిమానుల సంత ప్రారంభమైనది; 1983లో నొబుయుకి తకహాషి ఈ వేషధారణ వేడుకకు కాస్‌ప్లే అను పేరు పెట్టినాడు. 1992లో టెలివిజనునకెక్కిన సెయిలర్ మూన్ ధరించిన, తెల్లని అంచు గల మోకాలెత్తు ఎఱ్ఱబూట్లు, సరిగా అట్టివి దుకాణమున దొరకక, ఎందఱి చేతనో సూది పట్టించినవి.

తొడుగును కుట్టు విధమిది. వేషధారి తాను తొడుగబోవు జోటినే వేసికొని, మోకాలి వఱకు పలుచని ప్లాస్టిక్ కాగితము చుట్టి, దానిపై అంటుటేపును పొరలుగ బిగించి, ముందు నడిమిని, వెనుక నడిమిని గీతలు గీచి, వాని వెంబడి కోసి విప్పినచో, కాలి ఆకృతి రెండు పలకలుగ చేతికి వచ్చును. అదియే ఆది. బట్టకు అధికముగ సాగు దిక్కు కాలి చుట్టును తిరుగునట్లు పెట్టి, సాగుడును బట్టి ఆదిని కొంచెము కుదించి కత్తిరింపవలెను. ముడతలు పడుచోటు పాదము పిక్కవైపు మలుపు తిరుగు వంపు. నేర్పు లేనివాని పని అక్కడనే బయటపడును. అంచును జోటి అడుగునకు మడచి రబ్బరు బంకతో అంటింపవచ్చును; జోటిని పాడుచేయ నిష్టపడనివారు పాదము క్రింద ఎలాస్టిక్ పట్టీ కుట్టుదురు. మడమ ఎత్తుగల జోడైనచో ఆ పట్టీ మడమ ముందలి లోతులో దాగి నేలను తాకదు. గెయిటరు క్రిందనుండిన పట్టీ ఇదియే కదా!

హైదరాబాదునకు 2013లో కామిక్ కాన్ అను చిత్రకథాభిమానుల మేళా వచ్చిన పిమ్మట తెలుగు యువజనులకును ఈ పని అవసరమైనది. మన యెండలకు స్పాండెక్సే సుఖము. తోలు నిగ్గు కావలెనన్నవారు రెగ్జినును ఎంచుకొందురు. దానిని సాధారణమైన బట్టల దర్జీ కంటె మోటారు సైకిళ్ల సీటుకవర్లు కుట్టువాని కొప్పగించుట మేలని నా యభిప్రాయము. రెగ్జినున గుండుసూది గ్రుచ్చిన రంధ్రము మఱల పూడదు, క్లిప్పులే వాడవలెను. మిషను ఫుట్టు దాని నిగ్గుకు అంటుకొని జరుగక మొరాయించినపుడు నడుమ పలుచని కాగితమొకటి వేసి కుట్టి, పిదప చింపివేయవలెను. కుట్లు దగ్గఱదగ్గఱగ పడినచో అది తపాలాబిళ్లల కాగితమువలె గీత వెంబడి చిరుగును గనుక, సీటుకవరువాడు అడుగకయే కుట్టు నిడివి పెంచును.