కరెంటు ఎప్పుడొస్తుంది? దివిసీమ నుంచి తిత్లీ దాకా, తుఫాను తర్వాతి చీకటి కథ

తుఫాను వస్తోందంటే మనం ఫోన్లో మొదట చూసేది ఏంటి? ఎక్కడ తీరం దాటుతుంది, గాలి వేగం ఎంత, రేపు కాలేజీకి సెలవా కాదా. తీరం దాటేసింది అనగానే టీవీ వాళ్లు ఇంకో వార్తకి వెళ్లిపోతారు, మనం ఇంకో రీల్‌కి వెళ్లిపోతాం. కానీ దెబ్బ తిన్న ఊళ్లో అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఆ ఊళ్లో అందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: "కరెంటు ఎప్పుడొస్తుంది?"

ఈ ఎపిసోడ్ ఆ ఒక్క ప్రశ్న గురించే. మూడు తుఫాన్లు చూద్దాం. 1977 దివిసీమ, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. మధ్యలో 41 ఏళ్లు గడిచాయి. నేను చెప్పాలనుకున్నది ముందే చెప్పేస్తా. ఈ 41 ఏళ్లలో తుఫానుకి చనిపోయేవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. కానీ తుఫాను తర్వాత వచ్చే చీకటి మాత్రం మనల్ని అప్పటికంటే ఎక్కువ కుదిపేస్తోంది. ఎందుకలా? ఆ చీకట్లో ఎక్కువ రోజులు ఉండిపోయేది ఎవరు? అదీ ఇవాళ్టి విషయం.

దివిసీమ: కరెంటు గురించి ఎవరూ అడగని రోజులు

1977 నవంబర్ 19. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున ఊళ్ల మీదకి వచ్చింది. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఇంటివాళ్ల శవాలు వెతుక్కుంటున్నారు. పైగా చాలా ఇళ్లలో అసలు కరెంటే లేదు. కిరసనాయిలు బుడ్డి, కట్టెల పొయ్యి, నుయ్యి, చెరువు. అంటే తుఫాను మనుషుల్ని, గొడ్లని, పంటని తీసుకుపోయింది కానీ, బతికి బయటపడ్డవాడు పొయ్యి వెలిగించుకోవడానికి ఏ సబ్‌స్టేషన్ వైపూ చూడక్కర్లేదు.

అక్కడి నుంచి మనవాళ్లు నేర్చుకున్నారు. తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. ఉపగ్రహాలు వచ్చాయి, హెచ్చరికలు ముందుగా ఊళ్లకి చేరడం మొదలైంది. 1990 మేలో అదే కృష్ణా తీరం దగ్గర దాదాపు అంతే బలమైన తుఫాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ఒక్కరు పోయినా బాధే, కానీ 10 వేలకీ దీనికీ ఉన్న తేడా చూడండి. పదమూడేళ్లలో సాధించింది అది.

హుద్‌హుద్: నగరం మొత్తం ఒకేసారి ఆగిపోయింది

ఇప్పుడు 2014కి వద్దాం. హుద్‌హుద్ అంటే ఒక పిట్ట పేరు, ఆ పేరు ఇచ్చింది ఒమన్ దేశం. అక్టోబర్ 12, ఆదివారం, మధ్యాహ్నం వేళ విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి సుమారు 180 కిలోమీటర్లు. మామూలుగా తుఫాన్లు ఏ పల్లెటూళ్ల దగ్గరో తీరం దాటుతాయి. ఇది లక్షల మంది ఉండే నగరం మీద నుంచే వెళ్లింది.

విమానాశ్రయం పైకప్పు ఊడిపోయింది, కొన్ని రోజులు మూతపడింది. స్టీల్ ప్లాంటులో ఉత్పత్తి నిలిచిపోయింది. అక్టోబర్ 14న విశాఖలో ఆడాల్సిన ఇండియా, వెస్టిండీస్ వన్డే రద్దయింది. అదే రోజు ప్రధాని మోదీ వచ్చి 1000 కోట్ల తక్షణ సాయం ప్రకటించారు. రాష్ట్రం విడిపోయి అప్పటికి నాలుగు నెలలే, సెక్రటేరియట్ ఇంకా హైదరాబాద్‌లోనే ఉంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు విశాఖలోనే మకాం వేసి పనులు చూశారు.

అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా, విశాఖలోనే. నాకు బాగా గుర్తున్నది కొండలు. తుఫాను ముందు రోజు వరకూ పచ్చగా ఉన్న కొండలు రెండు రోజుల తర్వాత చూస్తే, నిప్పు పెట్టినట్టు గోధుమరంగులోకి మారిపోయాయి. ఆకు అనేదే లేదు. పడిపోయిన చెట్లలో సగం వైర్ల మీదే ఉన్నాయి.

తుఫానుని తట్టుకున్న ఇళ్లు కూడా మర్నాటి నుంచి ఒక్కోటీ పోగొట్టుకోవడం మొదలైంది. వరస చూడండి. కరెంటు లేదు కాబట్టి అపార్ట్‌మెంట్ మోటారు తిరగదు. పై ట్యాంకు ఖాళీ అయ్యాక నీళ్లు లేవు. మేం నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, బకెట్లు మోసుకుంటూ మెట్లెక్కేవాళ్లం. సెల్ టవర్‌కి బ్యాటరీ ఉంటుంది, అది కొన్ని గంటలే. తర్వాత జనరేటర్ నడవాలి, దానికి డీజిల్ కావాలి. డీజిల్ తెచ్చే రోడ్డు మీద చెట్లు. బంకులో డీజిల్ ఉన్నా, భూమిలోంచి పైకి తోడే పంపుకీ కరెంటే కావాలి. ఏటీఎం పనిచేయదు, కార్డు పనిచేయదు. చేతిలో నోట్లు ఉన్నవాడే ఆ రోజు డబ్బున్నవాడు. పాల ప్యాకెట్ కోసం, నీళ్ల క్యాన్ కోసం, పెట్రోల్ కోసం క్యూలు. కొందరు రేటు రెట్టింపు చేసి అమ్మారు, కొందరు ఉన్నదంతా ఊరికే పంచారు. రెండూ జరిగాయి.

మా అమ్మమ్మ ఒక మాట అంది. "మా రోజుల్లో దీపం లేకపోతే దీపం ఒక్కటే ఉండేది కాదురా. ఇప్పుడు దీపం పోతే నీళ్లూ పోతున్నాయేంట్రా?" మనం ఇప్పటిదాకా చెప్పుకున్న వరసంతా ఆ ఒక్క మాటలో ఉంది. 1977లో పల్లెటూరి ఇంట్లో వెలుగు ఒకటి, నీళ్లు ఒకటి, వంట ఒకటి, ఏ దారి దానిదే. 2014 నాటికి నగరంలో అన్నిటినీ ఒకే తీగకి కట్టేశాం.

అసలు ఎందుకంత ఆలస్యం?

విశాఖలో కొన్ని ప్రాంతాలకి మూడు నాలుగు రోజుల్లో కరెంటు వచ్చింది. కొన్నిటికి వారం దాటింది. పక్క వీధిలో లైట్లు వెలుగుతుంటే మన వీధి చీకట్లో ఉంటే ఒళ్లు మండుతుంది కదా. దాని వెనక లెక్క ఏంటో చూద్దాం.

బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్లకి ఇది సులువు. కరెంటు సరఫరా ఒక ట్రీ లాంటిది. పైన పెద్ద పెద్ద టవర్ల మీద వచ్చే హై వోల్టేజ్ లైన్లు. వాటి కింద పెద్ద సబ్‌స్టేషన్, అక్కడి నుంచి 33 కేవీ లైన్, దాని చివర చిన్న సబ్‌స్టేషన్. అక్కడి నుంచి 11 కేవీ ఫీడర్లు వీధుల్లోకి వస్తాయి. వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్. దాని నుంచి స్తంభాల మీదుగా మన ఇంటి సర్వీస్ వైరు. పై నోడ్ పడిపోతే కింద ఉన్నవన్నీ పోయినట్టే. మీ వీధిలో ఒక్క స్తంభం కూడా పడకపోయినా, పది కిలోమీటర్ల అవతల 33 కేవీ లైన్ తెగితే మీకు చీకటే.

కాబట్టి బాగు చేయడం కూడా పై నుంచే మొదలుపెట్టాలి. ముందు పెద్ద లైన్లు, తర్వాత సబ్‌స్టేషన్లు. ఆ తర్వాత ఆసుపత్రులు, మంచినీళ్ల పంపులు ఉన్న ఫీడర్లు. ఆ తర్వాత ఎక్కువ ఇళ్లున్న ఫీడర్లు. చివర్లో తక్కువ ఇళ్లున్న లైన్లు. ఇంజినీరింగ్ ప్రకారం ఇది సరైన పద్ధతే. ఒక స్తంభం నిలబెడితే వెయ్యి ఇళ్లకి వెలుగు వచ్చే చోటు వదిలేసి, పది ఇళ్లకి వచ్చే చోట ముందు నిలబెట్టమని ఎవరూ అనరు.

కానీ ఆ చివరి పది ఇళ్లు ఎవరివి? ఫీడర్ చివర్లో ఉండేది ఏ ఊరు? సముద్రం ఒడ్డున మత్స్యకారుల పల్లె. కొండ కింద గూడెం. ఊరి చివర కాలనీ. తుఫాను ముందు తగిలేది వాళ్లకే, కరెంటు చివర వచ్చేదీ వాళ్లకే. ఎవరూ కావాలని చేయక్కర్లేదు, లెక్క దానంతట అదే అలా వస్తుంది. అందుకే లెక్క సరిగ్గా ఉంటే చాలదు. చివరి వాడికి కరెంటు వచ్చేదాకా నీళ్ల ట్యాంకరు, జనరేటరు ముందు అక్కడికే వెళ్లాలి. ట్రీలో చివర ఉన్నవాడు ట్యాంకర్ల లిస్టులో మొదట ఉండాలి.

స్తంభం ఎక్కినవాళ్లు

ఇంకో సంగతి మనం పెద్దగా మాట్లాడుకోం. లైన్‌మన్. పడిపోయిన చెట్టు కొట్టాలి, విరిగిన స్తంభం తీయాలి, కొత్త గొయ్యి తవ్వాలి, స్తంభం నిలబెట్టాలి, ఇన్సులేటర్లు బిగించాలి, తీగ లాగాలి. వానకి నానిన నేలలో, క్రేన్ వెళ్లలేని సందుల్లో, భుజాల మీద మోసుకుంటూ. హుద్‌హుద్‌కీ తిత్లీకీ వేరే జిల్లాల నుంచి స్తంభాలతో పాటు మనుషులూ వచ్చారు. పండగ రోజుల్లో సొంత ఇల్లు వదిలి వచ్చి, తమకి పేరు కూడా తెలియని ఊళ్లో పనిచేశారు.

వాళ్లకి మనవల్ల జరిగే ప్రమాదం ఒకటుంది. ఇది జాగ్రత్తగా వినండి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. 11 వేల వోల్టులని మన ఇంటికి 230 చేసి ఇస్తుంది. మన ఇంటి వైపు నుంచి 230 వెనక్కి తోస్తే, అటు వైపు 11 వేలు చేసేస్తుంది. ఎవరైనా అద్దెకి జనరేటర్ తెచ్చి, మెయిన్ ఆపకుండా, నేరుగా ఇంటి ప్లగ్‌లో గుచ్చారనుకోండి. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, లైన్ ఆపేశాం అన్న ధైర్యంతో స్తంభం మీదున్న మనిషిని చంపేస్తుంది. అందుకే జనరేటర్‌కి చేంజోవర్ స్విచ్ తప్పనిసరి. అది లేకపోతే వైరు లాగి ఫ్యానుకో ఫ్రిజ్‌కో విడిగా ఇచ్చుకోండి. ఇంటి వైరింగ్‌లో కలపొద్దు.

తిత్లీ: చీకటి అంటే దాహం

2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. ఉద్దానం గురించి వినే ఉంటారు. కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. ఒక్క రాత్రిలో ఏళ్ల తరబడి పెంచిన చెట్లు నేలకి ఒరిగాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది, అంటే ఆ ఇంటి ఆదాయం అన్నేళ్లు పోయినట్టే.

ఉద్దానానికి ఇంకో బాధ కూడా ఉంది, కిడ్నీ జబ్బు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, నీళ్ల మీద అనుమానం ఉంది. అందుకే అక్కడ ఊళ్లకి ఆర్వో ప్లాంట్లు పెట్టారు, సోంపేట, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలు పెట్టారు. మంచి పనే. కానీ ఆర్వో ప్లాంటుకి కరెంటు కావాలి, డయాలసిస్ మిషన్‌కీ కావాలి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకోవాల్సిన మనిషికి కరెంటు ఎప్పుడొస్తుంది అన్నది ఫోన్ చార్జింగ్ ప్రశ్న కాదు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోయిన ఊళ్లో వాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. మనం ప్రాణం కాపాడే సదుపాయం ఒకటి కట్టిన ప్రతిసారీ, దాని తీగ తెగితే ఏం చేస్తాం అన్నది కూడా అదే రోజు కట్టాలి.

మారింది ఏంటి, మారనిది ఏంటి

హుద్‌హుద్ తర్వాత విశాఖలో దాదాపు 90 వేల వీధి దీపాల్ని ఎల్‌ఈడీకి మార్చారు. 2015లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో పునర్నిర్మాణ ప్రాజెక్టుకి ఒప్పుకుంది. అందులో విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించడం ఒక భాగం. భూమిలో ఉన్న కేబుల్ మీద చెట్టు పడదు, గాలి తగలదు. మరి అన్నిచోట్లా ఎందుకు వేయరు? ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ. పాడైతే ఎక్కడ పాడైందో వెతకడం కష్టం. అందుకే అది జనం ఎక్కువున్న చోటికే వస్తుంది. మళ్లీ ఫీడర్ చివరి పల్లె స్తంభాల మీదే ఉండిపోతుంది.

ఆ ఏడాది దీపావళి అక్టోబర్ 23న వచ్చింది, తుఫానుకి సరిగ్గా పదకొండు రోజుల తర్వాత. ఎండిపోయిన చెట్లు, కొమ్మలు ఎక్కడికక్కడ కుప్పలుగా ఉన్నాయి, నిప్పు అంటుకుంటుందని విశాఖలో టపాసులు కాల్చొద్దన్నారు. జనం దీపాలతోనే పండగ చేసుకున్నారు.

ఇక మనం చేయగలిగేవి. తుఫాను హెచ్చరిక రాగానే డ్రమ్ముల నిండా నీళ్లు పట్టండి. కొంచెం చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, యూపీఐ ఒక్కటే నమ్ముకోవద్దు. పవర్ బ్యాంక్, టార్చి, రేడియో. ఇన్సులిన్ వాడేవాళ్లు, ఆక్సిజన్ మిషన్ ఉన్నవాళ్లు, డయాలసిస్ వాళ్లు మీ వీధిలో ఎవరున్నారో ముందే తెలుసుకోండి. తెగి పడిన తీగ ఏదైనా సరే, కరెంటు ఉన్నట్టే అనుకుని దూరంగా ఉండండి. ఏపీలో, తెలంగాణలో కరెంటు ఫిర్యాదు నంబర్ 1912.

చివరిగా ఒక పని. మీ ఇంట్లో అరవై దాటినవాళ్లుంటే 1977 గురించో, 1996 కోనసీమ తుఫాను గురించో అడగండి. కరెంటు లేని ఆ రోజులు ఎలా గడిపారో అడిగి ఫోన్లో రికార్డ్ చేయండి. తర్వాత మీ ఊరి లైన్‌మన్‌ని అడగండి, మన ఫీడర్‌కి చివరి ఊరు ఏది అని. ఈసారి తుఫాను వచ్చి మీ ఇంట్లో లైటు వెలిగిన రోజున, ఆ చివరి ఊరికి ఇంకా రాలేదేమో కనుక్కోండి. రాకపోతే 1912కి ఫోన్ చేసేవాళ్లలో మీరూ ఒకరు అవ్వండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.