మచ్చు చీటీ విలువ

చిత్తూరు జిల్లా గుడుపల్లె ప్రాంతమున చిగురుగుంట, బిసానత్తం అను గ్రామములు కలవు. కోలారు బంగారు క్షేత్రపు శిలాశ్రేణి దక్షిణమునకు సాగి ఇచ్చటికి వచ్చినది. ఇచ్చట భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడపిన గని 2001లో మూతపడినది. 2018లో ఈ క్షేత్రమును ఎన్.ఎం.డి.సి. సంస్థ వేలములో దక్కించుకొన్నది. భూగర్భములోని బంగారమునకు వేలములో విలువ కట్టుట ఎట్లు? దానికి ఆధారము మచ్చుల పరీక్షా వివరములే.

ఇచ్చటి ఖనిజములో టన్నుకు సుమారు 5 గ్రాముల బంగారమున్నదని అంచనా. అనగా రెండు లక్షల పాళ్ళ రాతిలో ఒక పాలు. ఏ రాతిని మిల్లుకు పంపవలెనో, దేనిని పారవేయవలెనో కన్ను చెప్పలేదు, కాగితము చెప్పవలెను.

పరీక్షా విధానము ప్రాచీనమే. ఖనిజమును సీసముతో కరిగించి, పిమ్మట సీసమును తొలగించి, మిగిలిన విలువైన లోహమును తూచు పద్ధతిని 1556లో వెలువడిన అగ్రికోలా గ్రంథము వర్ణించినది. అయితే తూకమెంత సరియైనను, మచ్చు ఎచ్చటిదో తెలియనిచో ఫలితము నిరుపయోగము. అందుచే ప్రతి సంచిలోను నంబరు చీటీ వేయుదురు. స్థలము, లోతు, సిర వెడల్పు సేకరించినవాని పుస్తకములోనే ఉండును. నడుమ నడుమ బంగారము లేని రాతిని కూడ పరీక్షకు పంపుదురు. దానిలో బంగారము కనబడినచో, ఆ జట్టు మచ్చులన్నిటిని మరల పరీక్షింతురు. ఇట్లు చీటీలోని ప్రతి గడియు ఒక నిర్ణయమునకు పనికివచ్చును.

1951లో దక్షిణాఫ్రికా గని ఇంజనీరు క్రీగ్ ఇట్టి పాత లెక్కలను, అవే భాగములలో తరువాత తేలిన విలువలతో పోల్చి చూచెను. మచ్చులు మిక్కిలి సంపన్నమని చూపినచోట బంగారము కొంత తక్కువగాను, పేదవని చూపినచోట కొంత ఎక్కువగాను తేలెను. ఈ పొరపాటును సవరించు గణితమునకు ఆయన దారి తీసెను. పాత పుస్తకములను తిరిగి చదివినందువలననే ఇది సాధ్యమైనది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము బ్రి-ఎక్స్ అను కెనడా సంస్థది. ఇండొనేసియాలోని బుసాంగ్‌లో అపారమైన బంగారమున్నదని వేలకొలది పరీక్షా ఫలితములను అది చూపెను. సాధారణముగా త్రవ్వి తీసిన రాతికడ్డీని నిలువున చీల్చి, సగమును భద్రపరచెదరు. ఇచ్చట మొత్తమును పొడిచేసిరి, సరిచూచుటకేమియు మిగులలేదు. మచ్చులలో బయటి బంగారమును కలిపిరని 1997లో బయటపడినది. మదుపుదారులు కోట్లకొలది డాలర్లు నష్టపోయిరి. 2001లో కెనడా, అర్హుడైన నిపుణుడు బాధ్యత వహించి సంతకము చేయవలెనని నియమము చేసినది.

కాగితముల బరువు సత్యమునకు కొలత కాదు. ఇతరుడు తిరిగి సరిచూడగలడా? తప్పు తేలినపుడు పని మారునా? పాఠశాల ప్రయోగశాలలోని నోటుపుస్తకమునకును ఇవే గీటురాళ్ళు.