ఎనిమిది మాసముల గురువు

పాఠము చెప్పుటకంటె శిష్యులను విడిచిపోవుట కష్టము. ఇందులకు జపాను చరిత్రనుండి యొక నిదర్శనము మనవి చేసెదను.

1876వ సంవత్సరమున హొక్కైడో ద్వీపమందలి సప్పొరోలో నొక వ్యవసాయ కళాశాల వెలసెను. దానిని నడపుటకు జపాను ప్రభుత్వమువారు అమెరికానుండి విలియం స్మిత్ క్లార్కును రప్పించిరి. ఆయన మసాచుసెట్సు వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుఁడు, సెలవుమీఁద వచ్చినవాఁడు. చలికాలమున శిష్యులతో మంచుకొండ యెక్కి, చెట్టుమీఁది పాచిని కోయుటకై యొక విద్యార్థిని తన వీపుమీఁద నిలుపుకొనెనని చెప్పుదురు. గురువు వీపుపై శిష్యుని పాదము! మా పాఠశాలలలో నూహింపరానిది.

1877 ఏప్రిలు 16వ తేదీన ఆయన పయనమాయెను. శిష్యులు గుఱ్ఱములపై షిమమాట్సు గ్రామమువఱకు సాగనంపిరి. అచ్చట, ఉన్నతాశయము కలవారు కండని పలికి ఆయన సాగిపోయెను. ఆ వాక్యమును శిష్యులు పిదప పలు తెఱఁగుల వ్రాసిరి. మాటకంటె వారి నడవడియే నమ్మఁదగిన సాక్ష్యము.

ఆ యేఁడే ఉచిమురా కన్‌జో, నితోబె ఇనాజోలు ఆ కళాశాలలో చేరిరి. వారు క్లార్కువద్ద చదువలేదు. పెద్ద విద్యార్థులవలననే ఆయన మార్గము నెఱిఁగిరి. నితోబె 1920లో నానాజాతి సమితికి ఉపకార్యదర్శి యయ్యెను. క్లార్కు మాత్రము స్వదేశమున గనుల వ్యాపారమున నష్టపడి 1886లో మరణించెను.

నేను ఉద్యోగము విరమించిననాఁడు గంటసేపు ఉపన్యసించితిని. అందొక్క మాటయైన నెవరికిని జ్ఞాపకములేదు. కావున నిచ్చటనే ముగించెదను. సెలవు.