ఆవలి యొడ్డున బస

ప్రభుత్వోద్యోగి యింటికి బదిలీ యుత్తరువు వచ్చిన దినమున మొదట పుట్టు ప్రశ్న "ఆ యూరెట్టిది?" అని కాదు, "అక్కడ ఇల్లెంతకు దొరకును?" అని. ఢిల్లీలో ప్రభుత్వ వసతిగృహములకు అలవాటుపడిన మనకు ఈ ప్రశ్న మరింత కటువుగా వినబడును. ఇంటి యద్దె భత్యపు లెక్కలో నగరములు మూడు తరగతులు. 2024 జనవరిలో ఆ భత్యము మూలవేతనముపై వరుసగా నూటికి 30, 20, 10 వంతులైనది. సూరతు రెండవ తరగతిలోనిది. ఊరు చౌకయా ప్రియమా అన్నది భత్యపు పట్టికను చూచి తేల్చుకొనుట మనవారి కలవాటు. ఆ పట్టికకు మించినది కొంత కలదని నేను ఆలస్యముగా నేర్చుకొంటిని.

కొన్ని యేండ్ల క్రిందట నాకు సూరతునందు రెండు సంవత్సరముల పని పడినది. అది బొంబాయికి ఉత్తరమున రైలుదారిని సుమారు 260 కిలోమీటర్ల దూరము. కార్యాలయ మిత్రులందరును ఏకగ్రీవముగా చెప్పిన పేరు అడాజన్. ఇటు అఠవా లైన్సు, నడుమ తాపీ నది, అటు అడాజన్. ఇటుకంటె అటు అద్దె తక్కువ. ఒక్క సాయంకాలములో ఇల్లు కుదిరినది. అందులోను క్రింది యంతస్తు. పై వాటాలకంటె మరికొంత నయము. నేను మిగిల్చిన పైకమును ఇంటిదానికి లెక్కకట్టి చూపి మెప్పు పొందితిని. ఆ తక్కువకు కారణమేమైయుండునను తలంపు మాత్రము రాలేదు. పట్టపరీక్షకు చరిత్ర చదివినవాడనై యుండియు!

ఆ నదికి ఆవలి యొడ్డు ఎల్లప్పుడును చౌకగా లేదు. అడాజన్‌ను ఆనుకొని యున్న రాందేరు ఒకప్పుడు సూరతుకంటె పెద్ద పేరుగల రేవు. పదునారవ శతాబ్ది యారంభమున పోర్చుగీసువాడైన బార్బోసా ఆ పట్టణ సంపదను, అచటి వర్తకుల యిండ్ల సొగసును వర్ణించినాడు. 1530లో పోర్చుగీసులు రెండు పట్టణములను తగులబెట్టిరి. రాందేరు మునుపటి స్థితికి మరల రాలేదు, సూరతు లేచినది. 1573లో అక్బరు దానిని జయించెను. 1608లో హాకిన్సు అను ఆంగ్లేయుడు హెక్టరు అను ఓడలో అచటికి వచ్చెను. మన మచిలీపట్టణము తూర్పు వాకిలియైనట్లు సూరతు పడమటి వాకిలి. టావెర్నియే, తెవెనో అను ఫ్రెంచి యాత్రికులు సూరతునుండి గోలకొండకు వచ్చినవారే. కావున తెలుగు దేశమునకును తాపీతీరమునకును రాకపోకలు మన నేతగాండ్రతో మొదలైనవి కావు.

1687లో ఆంగ్లేయులు తమ ముఖ్యస్థానమును బొంబాయికి మార్చుకొనిరి. సూరతు క్రమముగా చిక్కినది. రాందేరు వర్తకులు కొందరు రంగూనునకు పోయి అంగళ్ళు పెట్టి, ఆర్జించినది స్వగ్రామమునకు పంపి మేడలు కట్టించిరి. కోరంగి, కాకినాడ రేవులలో ఓడయెక్కి రంగూను చేరిన మన కూలీలు ఆ యంగళ్ళ యెదుటనే నడచియుందురు. వారిలో మేడ కట్టినవారెందరో ఎవరు లెక్కించిరి?

1877లో తాపీపై హోపు వంతెన వెలసినది. అంతకుముందు ఆవలి యొడ్డు చేరవలెనన్న పడవయే గతి. సరిగా అదే సంవత్సరమున దక్కను పీఠభూమి మహాక్షామమున (1876-78) అల్లాడుచుండగా షోలాపురమున మొదటి నూలుమిల్లు నెలకొన్నది. రైలు 1860 నాటికే అచటికి వచ్చియున్నది. నైజాము రాజ్యపు తెలుగు జిల్లాల పద్మశాలీలు షోలాపురమునకు పోవుట ఆ కాలమున మిక్కుటమైనది. వారు బొంబాయి వరకు ఏల పోలేదు? పోయినవారు లేకపోలేదు, కామాఠిపుర మను పేరే అందుకు సాక్షి. కాని పెక్కుమంది దారిలోనే ఆగిరి. షోలాపురమున కూలి తక్కువయైనను గుడిసె వేసికొన చోటుండెను, మగ్గము ఇంటనే వేసికొన వీలుండెను, ఇరుగుపొరుగున తెలుగు వినబడుచుండెను. పెద్ద నగరమునకు ఒక మజిలీ ఇవతల ఆగుట అను ఈ యుపాయమును వారికి ఏ ఆర్థికశాస్త్రవేత్తయు బోధింపలేదు.

తరువాతి మజిలీలు భివండి, సూరతు. 1982 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె విఫలమై పెక్కు మిల్లులు తిరిగి లేవలేదు. నేతపని మరమగ్గముల పట్టణములకు జారినది. కృత్రిమ నూలు బట్టకు సూరతు కేంద్రమైనది. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ జిల్లాల నేత కుటుంబములు సూరతునకు తరలుట అంతకంతకు హెచ్చినది. వరంగల్లున 1934లో నెలకొన్న ఆజంజాహీ మిల్లు సయితము కొంతకాలము క్షీణించి మూతపడెను. 1961లో మూడు లక్షలకు లోపు జనమున్న సూరతు 2011 నాటికి సుమారు 44 లక్షలైనది. ఈ పెరుగుదలలో మనవారి చెమట కొంత కలదు.

వీరు బస చేసినది అడాజన్‌లో కాదు. రైలుకట్టకు తూర్పున లింబాయతు ప్రాంతమున. గాలి వెలుతురు అంతంతమాత్రమే, సందులు ఇరుకు. అయినను వారి లెక్క నా లెక్కకంటె నేర్పైనది. పన్నెండు గంటల పాళీ ముగించినవాడు నడచి ఇల్లు చేరగలడా? నెలాఖరున సరుకు అరువిచ్చు కొట్టు కలదా? జబ్బుపడినచో కబురు తెలియు ఊరివాడు గోడకావల నున్నాడా? పిల్లలకు చదువు ఏ భాషలో? సూరతు నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఆంగ్లము, తెలుగు మాధ్యమములందును ప్రాథమిక పాఠశాలలు నడపినది. ఇన్ని భాషల బడులు నడపిన నగరపాలక సంస్థలు దేశమున అరుదు. అద్దె ఈ ప్రశ్నలన్నిటి తరువాత వచ్చును.

వారి చౌకకు మూల్యము లేదని కాదు. 1994 సెప్టెంబరున సూరతున ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపినది. లక్షలమంది దొరికిన రైలెక్కి ఊరు విడిచిరి. మురుగు నిలిచిన పేదపేటలు అప్పుడు లోకమునకు కనబడినవి. మరుసటి యేడు సూర్యదేవర రామచంద్రరావు గారు నగరపాలక కమిషనరుగా వచ్చి, అధికారులను ఉదయముననే వీధులలోనికి దింపి, అధికారములను మండలములకు పంచి, పద్ధతిని తలక్రిందులు చేసిరి. 1996లో సూరతు దేశమున పరిశుభ్రతలో రెండవదిగా ఎన్నికైనది. దస్త్రముల నడుమ బ్రతుకు వెళ్ళబుచ్చు నావంటివానికి ఆ రెండేండ్ల చరిత్ర చదువుట కొంత సిగ్గు, కొంత ధైర్యము.

ఇక అడాజన్. 1991లో సర్దారు వంతెన ఏర్పడిన పిదప పొలములు నివేశన స్థలములైనవి. జీతగాండ్రు అటు నడచిరి. 2018లో తీగల వంతెనయు వచ్చినది. వంతెన వచ్చినకొలది ఆవలి యొడ్డు చౌక తరుగును. ఇది కంటికి కనబడిన సంగతి. నాకు దొరికిన తగ్గింపునకు కారణము వేరు. కాపురము పెట్టిన మూడవ నెలలో బీరువాను జరుపగా దాని వెనుక గోడపై, నా తల కెత్తుగా, సున్నముతో కప్పిన ఒక మాసిన గీత కనబడినది. పొరుగింటి పెద్దమనిషి ఒక్క మాట చెప్పినాడు: "రెండువేల ఆరు." ఆ యేడు ఆగస్టున ఉకాయి జలాశయమునుండి సుమారు తొమ్మిది లక్షల క్యూసెక్కుల నీరు వదలగా, తాపీ పొంగి నగరములో అధికభాగమును ముంచినది. అడాజన్, రాందేరు ప్రాంతములలో క్రింది యంతస్తులు నీట మునిగినవి. 1972లో ముగిసిన ఆ యానకట్ట ఉండగా 1968 నాటి వరదవంటిది మరల రాదని పెక్కురు నమ్మియుండిరట. ఇల్లు కుదిర్చిన దలాలు ఈ సంగతి చెప్పలేదు. నేనడుగలేదు. ఆ యేటి వానకాలమంతయు నా సర్వీసు కాగితములు అటకమీదనే యుండెను.

వరద రాలేదు. నష్టము మరొక వైపునుండి వచ్చినది. ఎనిమిదేండ్ల మా చిన్నవాడు ఏడాదిలో గుజరాతీ దుకాణపు పలకలు చదువ నేర్చినాడు. వాళ్ళ బామ్మ వ్రాసిన కార్డు నా చేతికిచ్చి "నువ్వే చదువు" అన్నాడు. అడాజన్‌లో తెలుగు బడి లేదన్న మాట నా లెక్కలో ఏ పద్దుక్రిందను వ్రాసికొనలేదు.

మార్కండేయ జయంతినాడు ఒక గుమాస్తా మిత్రుడు మమ్ము లింబాయతునకు తోడ్కొని పోయెను. అచట మావాని యీడు పిల్ల పందిరిక్రింద నిలిచి తెలుగు పద్యమును తప్పులేక చదివినది. మావాడు నా చేయి వదలలేదు. ఆ పిల్ల తాతగారు ముప్పదియేండ్లుగా మగ్గముపై నున్న వరంగల్లు మనిషి. 2017లో వరంగల్లున పెద్ద జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. సూరతు, భివండి, షోలాపురములకు వలసపోయిన నేతగాండ్రు తిరిగి వత్తురని అప్పటి ప్రభుత్వము చెప్పినది. ఆ మాట యెత్తి, "మీరు పోవుదురా?" అని యడిగితిని.

"ఆడ కిరాయి ఎంతుంటది సారూ?" అని ఆయన నన్నే యడిగెను. స్వంత యూరికి అద్దె యేమిటని నేను ఆశ్చర్యపడగా, నవ్వి, "ఇల్లు అమ్మే గద ఈడికొచ్చినం. ఇప్పుడు ఏడికి పోయినా కిరాయికే" అనెను. మనుమరాలు నీళ్ళ చెంబు తెచ్చినది. మావాడు దానిపై చెక్కిన తెలుగక్షరములను కూడబలుకుకొనుచు చదువ మొదలిడెను.