హైదరాబాద్ ఫుట్‌బాల్: డిఫెన్స్ పద్ధతులు, కోచ్‌లు, అభిమానుల వాదాలు

గోల్ కాపాడే పనికి ఎంతమందిని పెట్టాలి, వాళ్లు మనిషిని పట్టుకోవాలా జాగాను కాయాలా అన్న ప్రశ్నకు హైదరాబాద్‌లో సుమారు 80 ఏళ్లుగా రకరకాల జవాబులు వస్తున్నాయి. 1940ల నుంచి 1960ల దాకా భారత ఫుట్‌బాల్‌కు ఆటగాళ్లను, ఆలోచనను ఇచ్చిన నగరాల్లో హైదరాబాద్‌ది కలకత్తా సరసన నిలిచే స్థానం. అందుకే ఈ ఊరి ప్రేక్షకుల వాదం గోల్ ఎవరు కొట్టారన్న దగ్గర ఆగేది కాదు. కోచ్ ఎవరిని ఎందుకు వెనక్కి లాగాడు, ఎవరిని ముందుకు పంపాడు అన్నదాకా పోయేది. ఈ వాదాల్లో ఎక్కువగా దొర్లేవి అంకెలు: 2-3-5, 4-2-4 వగైరా. అంతగా ప్రస్తావనకు రాకపోయినా, నిజానికి హైదరాబాద్ డిఫెన్స్‌ను నిలబెట్టినది మరొకటి ఉంది. ఒకే జట్టు ఏళ్ల తరబడి ఒకే మాస్టారి దగ్గర కలిసి సాధన చేయడం.

ఇద్దరు బ్యాక్‌ల కాలం

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని బ్రిటిష్ పటాలాల ద్వారా ఇక్కడికి వచ్చిన ఆట 2-3-5. గోల్‌కీపర్ ముందు ఇద్దరు బ్యాక్‌లు, వాళ్ల ముందు ముగ్గురు హాఫ్‌లు, ఆపైన ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఇద్దరితో గోల్ కాపాడటం ఎలా కుదిరిందంటే, అప్పటి ఆఫ్‌సైడ్ నిబంధన బ్యాక్‌లకు అండగా ఉండేది. ఫార్వర్డ్‌కూ గోల్ లైన్‌కూ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి. ఒక బ్యాక్ రెండడుగులు ముందుకు జరిగితే చాలు, అవతలివాడు ఆఫ్‌సైడ్‌లో పడేవాడు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఇంగ్లండ్‌లో గోల్స్ వరద కట్టడంతో ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి దింపి మూడో బ్యాక్‌గా మార్చాడు. ఆ మూడోవాడే స్టాపర్.

మన దేశంలో ఈ మార్పు పాతికేళ్లు ఆలస్యంగా అందింది. ఉత్తికాళ్లతో, 70 నిమిషాల మ్యాచ్‌లతో ఆడే దేశవాళీ ఫుట్‌బాల్‌కు ఇద్దరు బ్యాక్‌లే సరిపోయేవారు. 1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. క్రికెట్, టెన్నిస్ సహా అనేక ఆటల్లో దిట్ట అయిన ఎస్.ఎం. హాది దానికి తొలి అధ్యక్షుడు. నగర పోలీసు జట్టు పేరు దక్కన్ దాటి వినిపించడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలైంది.

రహీం సాబ్

సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉస్మానియాలో చదివారు, విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు, బడిపంతులుగా స్థిరపడ్డారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెబుతూనే వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేశారు. 1940ల తొలినాళ్లలో అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి చనిపోయేదాకా పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు.

ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌తో 1-1తో సమంగా నిలిచి, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో 1-0తో నెగ్గింది. ఆ స్కోర్లను చూస్తే ఇది ముందు గోల్ ఇవ్వకుండా ఉండటం నేర్చిన జట్టని తెలిసిపోతుంది. రహీం వ్యూహాల గురించి రాసేవాళ్లు తరచూ బ్లాక్‌బోర్డు దగ్గరే ఆగిపోతారు. ఆయన అసలు పనితనం సాధనలో ఉంది. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలనే షరతుతో మరికొన్ని పోటీలు నడిపేవారు. వినడానికి పిల్లల సరదాలా ఉన్నా ఇది డిఫెన్స్ పాఠమే. కుడికాలు మాత్రమే వచ్చిన బ్యాక్‌కు బంతి ఎడమవైపు వస్తే, ఎటో ఒకవైపు గట్టిగా తన్ని వదిలించుకోవడం తప్ప గత్యంతరం లేదు. అలా తన్నిన బంతి మరుక్షణం ప్రత్యర్థి కాళ్ల దగ్గరికి చేరుతుంది. రెండు కాళ్లూ ఆడే బ్యాక్ అదే బంతిని ఒక్క తాకుతో హాఫ్‌కు అందించగలడు.

ఆటగాళ్లను ఆయన గల్లీల్లో వెతికి పట్టుకున్నారు. అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పాత పోలీసు బూట్ల తోలుతో కుట్టించుకున్న బూట్లతో సికింద్రాబాద్ లీగ్‌లో ఆడుతుండగా ఆయన కంట పడ్డాడు. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీమే ఇచ్చారు. ఆ కుర్రాడు తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. బలరాం ఉన్న హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది.

పది గోల్స్ తర్వాత

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ 10-1తో యుగోస్లావియా చేతిలో ఓడింది. కోచ్ రహీమే. ఆ ఓటమికి కారణమేంటన్నది భారత ఫుట్‌బాల్‌లో తొలి పెద్ద కోచింగ్ వివాదం. చాలామంది ఉత్తికాళ్లతో ఆడటమే కొంప ముంచిందని ఒక పక్షం వాదించింది. దాని ఫలితంగానే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. ఇద్దరు బ్యాక్‌ల పద్ధతికి కాలం చెల్లిందన్నది రెండో పక్షం. బూట్ల కథ చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి అదే జనం నోట నిలిచింది. కానీ పది గోల్స్‌కు పాదాలు మాత్రమే కారణమంటే నమ్మడం కష్టం. యూరప్ జట్లు ముగ్గురు బ్యాక్‌లతో, ఎవరి మనిషిని వాళ్లు పట్టుకుని ఆడుతున్న రోజులవి. మన ఇద్దరి మధ్యా, పక్కలా ఉన్న ఖాళీల్లోకి వాళ్ల ఐదుగురు ఫార్వర్డ్‌లు జొరబడ్డారు.

రహీం రెండు వాదాలనూ ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. తర్వాతి నాలుగేళ్లలో భారత జట్టుకు బూట్లూ వచ్చాయి, మూడో బ్యాకూ వచ్చాడు. 1953లో వెంబ్లీలో హంగరీ తన సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించడాన్ని ప్రపంచమంతా చర్చించుకుంటున్న కాలమది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించాడు. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. తొలి గోల్ మనదే అయినా ఆట 4-1తో చేజారింది. చివరికి దక్కింది నాలుగో స్థానం. అంతటి స్థానం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ రాలేదు.

ఇక్కడే ఇప్పటికీ తెగని తగాదా ఒకటుంది. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ 4-2-4తో (నలుగురు బ్యాక్‌లు, ఇద్దరు హాఫ్‌లు, నలుగురు ఫార్వర్డ్‌లు) గెలిచి ఆ పద్ధతికి పేరు తెచ్చింది. అంతకుముందే రహీం దాన్ని ఆడించారని హైదరాబాద్ అభిమానులు గట్టిగా చెబుతారు. ఆయన దగ్గర ఆడిన ఆల్బర్టో ఫెర్నాండో 1964లో బ్రెజిల్‌లో శిక్షణకు వెళ్లి, 1956లో రహీం నేర్పిందే అక్కడ నేర్పుతున్నారని అన్నట్టు ప్రచారంలో ఉన్న మాట వాళ్లకు ప్రధాన సాక్ష్యం. ఆ మాటలో సాధన గురించే తప్ప అంకెల గురించి ఏమీ లేదు. 4-2-4కు దారితీసిన మార్పులు, అంటే ఒక హాఫ్ స్టాపర్ పక్కకు దిగడం, ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్ నడిమికి జరగడం 1950ల నడుమ చాలా దేశాల్లో ఒకేసారి జరిగిన ప్రయత్నాలు. ఎవరు ముందన్న పోటీ కన్నా, వార్తలు వారాల తర్వాత అందే ఊళ్లో ఉండి ఒక బడిపంతులు ఆ ఆలోచనను అదే కాలంలో అందుకోవడమే గొప్ప.

జకార్తా, 1962

డిఫెన్స్ గురించి ఎంత మాట్లాడినా హైదరాబాద్ ముచ్చట చివరకు చేరేది 1962 ఆసియా క్రీడలకే. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన భారత్, 4-1తో థాయ్‌లాండ్‌ను ఓడించి కోలుకుంది. ఆ గెలుపుకు మూల్యం పెద్దదే. స్టాపర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్‌పై 2-0తో నెగ్గారు. బెంగాల్ ఆటగాడు అరుణ్ ఘోష్ నడిమిలోకి జరిగి స్టాపర్ పని చూశాడు.

సెమీఫైనల్‌కు జర్నైల్ ఆడతానన్నాడు. తలకు కట్టున్న మనిషిని స్టాపర్‌గా దించితే ప్రతి ఎత్తు బంతికీ తలపడాల్సిందే. అలాగని కూర్చోబెడితే జట్టులో అంత ఎత్తూ బలమూ ఉన్నవాడు మరొకడు లేడు. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. ఇది గాలిలో దీపం పెట్టిన వ్యవహారం కాదు. జర్నైల్ కాలేజీ రోజుల్లో ముందు వరుసలో ఆడినవాడే. పైగా అరుణ్ ఘోష్ కుదురుకున్న డిఫెన్స్‌ను మళ్లీ కదపాల్సిన అవసరం తప్పింది. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ గోల్ కొట్టాడు.

సెప్టెంబర్ 4న సెనయన్ స్టేడియంలో మళ్లీ అదే దక్షిణ కొరియాతో ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఇండోనేషియా ప్రేక్షకులు మన జట్టు మీద మండిపడుతున్నారు. అనారోగ్యం నుంచి తేరుకున్న సికింద్రాబాద్ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ మ్యాచ్‌కు తిరిగొచ్చాడు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. తర్వాత గంటకు పైగా ఆట గోల్ కాపాడుకోవడంతోనే గడిచింది. కొరియాకు గోల్ దొరికింది చివరి నిమిషాల్లో. ఫలితం 2-1. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు.

స్టాపర్‌ను ఫార్వర్డ్‌గా పంపడాన్ని తెగువగా చెప్పుకుంటారు. ఆ సాహసం కుదరడానికి కారణం మాత్రం వెనక మిగిలిన ముగ్గురూ ఒకరి చోట ఒకరు ఆడగలగడం. జర్నైల్ గోల్ గురించి ఎన్ని కబుర్లైనా వినొచ్చు, అరుణ్ ఘోష్ పేరు ఎవరూ ఎత్తరు. 2024లో అజయ్ దేవగణ్ రహీంగా నటించిన ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ కథ కొత్తతరానికీ చేరింది. బెంగాల్ వర్గానికీ రహీంకూ మధ్య ఆటగాళ్ల ఎంపికపై నడిచిన రగడ కూడా దాంతోపాటే మళ్లీ చర్చకొచ్చింది. హైదరాబాదీలను వెనకేసుకొస్తున్నారన్న నింద ఆయన బతికున్నప్పుడే పడింది.

కలకత్తాకు వలస

రహీం పోయాక పద్ధతి చెదిరిపోలేదు, మనుషులు చెదిరిపోయారు. నిజానికి వలస ఆయన ఉన్నప్పుడే మొదలైంది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. పోలీసు ఉద్యోగం భద్రత ఇచ్చేది, కలకత్తా డబ్బూ పేరూ ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవలేదు.

డిఫెండర్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించింది. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడాది తెచ్చిపెట్టాడు. కఠినమైన క్రమశిక్షణకు పేరుపడ్డ నయీమ్ గురించి అభిమానులు రెండుగా చీలేవారు: ఆటగాళ్లను తీర్చిదిద్దాడనేవారు కొందరు, ఊపిరాడనివ్వలేదనేవారు కొందరు.

రహీం శిష్యరికం చేసిన మరొకరు పి.కె. బెనర్జీ. 1997 జులై 13న కలకత్తా సాల్ట్ లేక్‌లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా వెనక ముగ్గురితో, నడిమిలో వజ్రాకారంలో నలుగురితో ఆడే ‘డైమండ్’ పద్ధతి గురించి ముందే ఊదరగొట్టాడు. పి.కె. శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ముగ్గురి పక్కన వదిలేసిన ఖాళీలను వాడుకున్న బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. లక్షా 30 వేలకు పైగా జనం చూసిన ఆ మ్యాచ్, కోచ్‌ల పద్ధతులపై ఈ దేశంలో జరిగిన అతిపెద్ద బహిరంగ చర్చ.

కాలేజీ మైదానాలు, వరంగల్

ఏళ్ల తరబడి కలిసి సాధన చేసే వీలు లేని చోటు కాలేజీ మైదానం. వరంగల్ కాలేజీలు 1976 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే ఉండేవి. హన్మకొండలో చదివే కుర్రాడు విశ్వవిద్యాలయ స్థాయిలో ఆడాలంటే హైదరాబాద్ సెలెక్షన్‌లో నెగ్గి ఉస్మానియా జెర్సీ తొడగాల్సిందే. ఆ ఏడాది కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడటంతో సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వరంగల్ సొంత జట్టును పంపే వీలు కలిగింది.

కాలేజీ స్థాయిలో కోచ్ అంటే చాలాచోట్ల ఫిజికల్ డైరెక్టరే. కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ చూసే మనిషే ఫుట్‌బాల్ జట్టునూ తయారుచేస్తాడు. సెలెక్షన్‌కూ టోర్నీకీ మధ్య క్యాంప్ కొద్ది రోజులే. అంత తక్కువ వ్యవధిలో జాగాను కాచే డిఫెన్స్ కుదరదు. బంతి కదిలినప్పుడల్లా నలుగురూ ఒకే తాడు పట్టుకున్నట్టు జరగాలంటే నెలలు కావాలి. అందుకే ‘నీ మనిషిని వదలకు’ అని చెప్పి దించడం మామూలు. గట్టు మీద కూర్చున్న సీనియర్లు దీన్ని పాతకాలపు ఆట అని వెక్కిరిస్తారు. పీడీకి ఉన్న సమయాన్ని లెక్కలోకి తీసుకుంటే అది తెలివైన పనే. పైగా డిగ్రీ మూడేళ్లే. జట్టు కుదురుకునే వేళకు ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోతారు.

గచ్చిబౌలి రోజులు

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరింది. 2020లో వచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్ర ఫుల్‌బ్యాక్‌లను నమ్మాడు. వాళ్లు పైకి వెళ్లినప్పుడు నడిమిలోని ఇద్దరు వెనక కాపుకాసేవారు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్ కేరళ బ్లాస్టర్స్‌తో 1-1తో ముగిసింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపడంతో పెనాల్టీల్లో హైదరాబాద్ 3-1తో ట్రోఫీ అందుకుంది. మరుసటి సీజన్ లీగ్‌లో రెండో స్థానం.

ఆ తర్వాతి పతనానికి పద్ధతిని తప్పుపట్టినవాళ్లు తక్కువ. ఆశిష్ రాయ్ అప్పటికే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు, ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లాడు, మనోలో గోవా క్లబ్‌కు మారాడు, జీతాల బకాయిలు బయటపడ్డాయి. 2023–24లో ఒక్క గెలుపుతో జట్టు అట్టడుగున నిలిచింది. ఆ సీజన్‌లో మిగిలిన కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో వెనకే జనాన్ని నింపి ఆడించడం సబబేనా అని అభిమానులు తర్కించుకున్నారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. నగరానికి చెందిన మరో జట్టు శ్రీనిధి దక్కన్ 2021లో ఐ-లీగ్‌లో చేరింది.