ఆ ఐదు సెకన్లు

2010 మే 6, గురువారం. న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2 గంటల 32 నిమిషాలు. గ్రీసు అప్పుల భయంతో మార్కెట్లు పొద్దుటి నుంచీ జారుతూనే ఉన్నాయి. ఆ నిమిషంలో ఒక పెద్ద మ్యూచువల్ ఫండ్ సంస్థ కంప్యూటర్ అమ్మకం మొదలుపెట్టింది. అమ్మేది ఎస్ అండ్ పీ 500 సూచీ మీద నడిచే ఈ-మినీ ఫ్యూచర్స్. 75,000 కాంట్రాక్టులు, దాదాపు 410 కోట్ల డాలర్ల సరుకు. గడిచిన నిమిషంలో ఎంత వ్యాపారం జరిగితే అందులో 9 శాతం చొప్పున అమ్ముతూ పొమ్మని దానికి ఆదేశం. ధర చూడమని ఎవరూ చెప్పలేదు.

2:41. కొనేవాళ్లు పలచబడ్డారు. మెరుపువేగపు ట్రేడింగ్ కంప్యూటర్లు అవే కాంట్రాక్టులను తమలో తాము కొని, మళ్లీ అమ్ముతున్నాయి. వ్యాపారం పెరిగింది కదా అని ఆ అమ్మకపు యంత్రం ఇంకా జోరుగా అమ్మింది. 2:45:13 నుంచి 14 సెకన్లలో ఆ వేగపు కంప్యూటర్లు 27,000కు పైగా కాంట్రాక్టులు ఆడించి, నికరంగా కొన్నది 200 మాత్రమే. నాలుగున్నర నిమిషాల్లో ఈ-మినీ 5 శాతానికి పైగా కుప్పకూలింది.

ఒక ఈ-మినీ కాంట్రాక్టు కొని, 10 పాయింట్ల కింద స్టాప్‌లాస్ పెట్టుకుని కూర్చున్న ఒక చిన్న ట్రేడర్‌ను తలుచుకోండి. పాయింటుకు 50 డాలర్లు. పోతే 500తో పోతుందని అతని లెక్క. సూచీ ఆనాడున్న స్థాయిలో 5 శాతమంటే 50 పాయింట్ల పైమాటే. ధర పడి స్టాప్‌ను తాకగానే అది అమ్మకం ఆర్డరైపోతుంది. ఆ అమ్మకం ధరను మరింత కిందికి తోసి, 15 పాయింట్ల దూరంలో ఉన్నవాడి స్టాప్‌ను తగిలిస్తుంది. అతని అమ్మకం 20 పాయింట్లవాణ్ని లాగుతుంది.

2:45:28. స్టాప్‌లు ఒకదాన్నొకటి కూల్చుకుంటున్నాయని చికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజి వ్యవస్థ పసిగట్టి, ఈ-మినీ ట్రేడింగ్‌ను 5 సెకన్లు ఆపేసింది. మళ్లీ తెరిచాక ధర నిలదొక్కుకుంది, వెనువెంటనే పైకి లేచింది. అప్పటికే స్టాప్ తగిలి బయటపడ్డవాళ్లకు మిగిలింది నష్టం ఒక్కటే.

తప్పు స్టాప్‌లాస్‌ది కాదు. దాని దూరాన్ని జేబును బట్టి పెట్టడం తప్పు. నేను 500 మాత్రమే భరించగలనన్న సంగతి మార్కెట్‌కు తెలియదు. రోజుకు ధర ఎంత ఊగుతోందో సగటు తీసే పద్ధతిని వెల్స్ వైల్డర్ 1978లోనే పుస్తకంలో రాసిపెట్టాడు. దూరం ఆ ఊపును బట్టి ఉండాలి. జేబు తేల్చాల్సింది ఎన్ని లాట్లు, అంటే ఎన్ని కాంట్రాక్టులు, అన్నదే.

లెక్క చూడండి. ఖాతాలో 25,000 డాలర్లు, ఒక్క ట్రేడులో పోగొట్టుకోదగ్గది ఒక శాతం, అంటే 250. ఊపును బట్టి స్టాప్ 20 పాయింట్లు అవసరమైతే లాటుకు 1,000 డాలర్లు. ఒక్క లాటుకూ అర్హత లేదన్నమాట. చాలామంది ఇక్కడే లాటు వదులుకోలేక స్టాప్‌ను 5 పాయింట్లకు కుదిస్తారు. అది మామూలు రోజున కూడా నిలవదు. పోనీ, 20 పాయింట్లవాడైనా ఆ గురువారం గట్టెక్కేవాడా? కాదు. స్టాప్ కూడా తగిలేది, పెట్టిన ధర కంటే దిగువన అమ్ముడయ్యేది. కానీ లాట్లు తక్కువ ఉన్నవాడు మర్నాడు మళ్లీ ట్రేడ్ చేయగలిగేవాడు.

మన దగ్గర ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (ఎఫ్ అండ్ ఓ) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 2022-24 ఆర్థిక సంవత్సరాల మధ్య 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. నిఫ్టీ ఫ్యూచర్స్ కొనబోయే ముందు దయచేసి ఈ వరస తప్పకండి: ముందు ఊపు, తర్వాత దూరం, ఆఖరున లాట్లు. ఒక్క లాటుకూ లెక్క కుదరకపోతే ఆ రోజు కొనకండి.