గాయము కట్టిన తరువాత
(హైతీ దేశ వైద్య పరిచర్య చరిత్ర నుండి ఒక పాఠము)

మంచి సమరయుని ఉపమానము మన సండే స్కూలు పిల్లలకు కూడ తెలిసినదే. అయితే అందులో ఒక సంగతిని మనము తరచుగా మరచిపోతాము. సమరయుడు గాయములు కట్టి అక్కడితో తన దారిన పోలేదు. దెబ్బతిన్నవానిని సత్రమునకు చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు, మరల వస్తానని చెప్పాడు. ఆ ఊరిలో సత్రము లేకపోతే, నమ్మదగిన సత్రపువాడు లేకపోతే, సమరయుని దయ సగములోనే ఆగిపోయేది. మన డయాసిస్ నూరు సంవత్సరములు నిండిన ఈ సందర్భములో, ఆ సత్రపువానిని గురించి ఆలోచింపజేసే ఒక దూరదేశపు చరిత్రను సంఘస్థుల ముందు ఉంచుతున్నాను.

హైతీ కరిబియన్ సముద్రములోని ఒక చిన్న బీద దేశము. బానిసలే తిరుగుబాటు చేసి 1804లో స్వాతంత్ర్యము సంపాదించుకొన్నారు. అక్కడి ఎపిస్కోపల్ సంఘము, మన దక్షిణ ఇండియా సంఘము వలెనే, ఆంగ్లికన్ సహవాసమునకు చెందినది. దాని ప్రథమ బిషప్ జేమ్స్ థియొడోర్ హోలీ గారు 1874లో అభిషేకము పొందారు. అమెరికా ఎపిస్కోపల్ సంఘములో ఆయనే మొదటి నల్లజాతి బిషప్. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్య గారిని తలచుకొనే మనకు ఆయన పరాయివారు కారు.

కూలిన ఆసుపత్రులు

2010 జనవరి 12వ తేదీ సాయంకాలము 5 గంటలు కావస్తుండగా, 7.0 తీవ్రత గల భూకంపము వచ్చింది. హైతీ ప్రభుత్వపు లెక్క ప్రకారము 3 లక్షలకు పైగా మరణించారు. ఇతరుల లెక్కలు అంతకంటె తక్కువ. రాజధాని పోర్టో ప్రిన్స్‌లో ఆరోగ్య శాఖ కార్యాలయమే కూలిపోయింది. ప్రభుత్వ నర్సింగు పాఠశాల కూలి విద్యార్థినులు ఎందరో శిథిలముల క్రింద ప్రాణములు విడిచారు. ఎపిస్కోపల్ కతీడ్రలు కూడ నేలమట్టమైనది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన పెద్దలకు ఆ దుఃఖము ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

భూకంప కేంద్రమునకు అతి దగ్గరగా ఉన్న లెయొగాన్ పట్టణములో ఇండ్లలో అత్యధిక భాగము కూలిపోయినవి. ఆ పట్టణములో ఎపిస్కోపల్ విశ్వవిద్యాలయపు నర్సింగు కళాశాల ఒకటి ఉన్నది. అది 2005లో, అనగా విపత్తుకు 5 సంవత్సరముల ముందే, ఆరంభమైనది. దాని ప్రధానాధికారిణి హిల్డా ఆల్సిండర్ గారు, ఆమె విద్యార్థినులు ఆ సాయంకాలమే కళాశాల ఆవరణలో గాయపడినవారిని చేర్చుకొని కట్లు కట్టడము ఆరంభించారు. విదేశీ వైద్య బృందములు వచ్చేవరకు ఆ పట్టణ ప్రజలకు ఆసరా వారే. ప్రపంచము విమానములెక్కి బయలుదేరకముందే సత్రపువారు ద్వారము తెరచి ఉంచారన్నమాట.

సహాయముతో వచ్చిన శ్రమ

తరువాత సహాయము వెల్లువగా వచ్చింది. శస్త్రచికిత్సలు జరిగినవి, వేలమంది ప్రాణములు దక్కినవి. కాని ఆ ధనములో అధిక భాగము విదేశీ సంస్థల ద్వారానే ఖర్చైనది. హైతీ ప్రభుత్వమునకు, అక్కడి ఆసుపత్రులకు నేరుగా చేరినది బహు స్వల్పము. గుడారములు ఎత్తివేసినప్పుడు వాటితోపాటు వైద్యులును వెళ్లిపోయారు.

అంతకంటె విచారకరమైనది మరొకటి. 2010 అక్టోబరులో కలరా పుట్టింది. ఒక శతాబ్దము పాటు ఆ దేశము ఎరుగని రోగమది. ఐక్యరాజ్య సమితి శాంతి దళముల శిబిరము నుండి మలినము ఏటిలో కలియుటయే దీనికి మూలమని పరిశోధకులు తేల్చారు. 8 లక్షల మందికి పైగా రోగము సోకగా, సుమారు 10,000 మంది చనిపోయారు. 2016 డిసెంబరులో గాని సమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ గారు క్షమాపణ చెప్పలేదు. మేలు చేయబోయినవాడు కూడ తన చేతులు కడుగుకొని వెళ్లవలెనని ఈ సంగతి మనకు బోధిస్తున్నది.

మీర్బలే ఆసుపత్రి

ఇంకొక మాదిరి ఉన్నది. 1950లలో పెలీగ్ర ఆనకట్ట కట్టినప్పుడు పొలములు మునిగిన రైతులు కొండలెక్కి కాంజ్ అనే గ్రామములో తలదాచుకొన్నారు. వారి మధ్య పరిచర్య చేసిన ఎపిస్కోపల్ గురువు ఫ్రిట్జ్ లాఫొంతాన్ గారు. 1980లలో పాల్ ఫార్మర్ అనే అమెరికా యువకుడు ఆయనతో కలిసి అక్కడ వైద్యశాల స్థాపించాడు. దాని బలము గోడలలో లేదు. గ్రామస్థులకే తర్ఫీదు ఇచ్చి, జీతమిచ్చి, క్షయ రోగుల ఇండ్లకు ప్రతిదినము పంపి దగ్గరుండి మందు మింగించేవారు. ఆకలితో ఉన్నవారికి మందుతోపాటు ఆహారమును ఇచ్చేవారు. మన గ్రామములలో ఇల్లిల్లు తిరిగిన బైబిలు స్త్రీలను ఇది జ్ఞాపకము చేస్తున్నది.

భూకంపము తరువాత ఈ సంస్థ, ప్రభుత్వముతో కలిసి, మీర్బలే పట్టణములో 300 పడకల బోధనాసుపత్రిని కట్టి 2013లో తెరచింది. పైకప్పు మీద 1,800 సౌర ఫలకములు అమర్చారు. అక్కడ హైతీ యువ వైద్యులు, నర్సులు శిక్షణ పొందారు. లాఫొంతాన్ గారు 2021లోను, ఫార్మర్ గారు 2022లోను ప్రభువునందు నిద్రించారు. 2025లో సాయుధ ముఠాలు ఆ పట్టణము మీద పడగా, ఏప్రిల్ నెలలో ఆసుపత్రి పని నిలిపి రోగులను వేరేచోటికి తరలించవలసి వచ్చింది.

అయితే ఆ శ్రమ అంతయు వ్యర్థమేనా? కాదని నా నమ్మకము. భవనమునకు తాళము పడవచ్చును. అందులో నేర్చుకొన్న నర్సు ఎక్కడికి వెళ్లినా ఆమె విద్య ఆమెతోనే ఉంటుంది.

మన మిషన్ ఆసుపత్రులను కూడ ఒకప్పుడు దూరదేశపు సమరయులు స్థాపించారు. వాటిలో కొన్ని క్షీణించినవి, కొన్ని మూతబడినవి. ఈ శతవార్షికోత్సవములో వారిని కృతజ్ఞతతో స్మరించుట న్యాయమే. దానితోపాటు ప్రతి సంఘమును ఒక ప్రశ్న వేసుకొనవలెను: ఈ సంవత్సరము నర్సింగు చదివించుటకు మన సంఘములోని ఏ బీద బిడ్డకు ఫీజు కట్టుదము? రేపటి ఉప్పెన ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. సత్రపువానిని మాత్రము నేడే సిద్ధము చేసికొనవలెను. ప్రభువు మనకట్టి మనస్సు అనుగ్రహించును గాక.